40 ఏళ్ల వైట్ పోర్ట్ తెరిస్తే మెంతుల వాసన వచ్చింది, పాడైపోయిందా?

మాంచెస్టర్_మనోడు:

అందరికీ నమస్తే. వైన్ గురించి నాకు తెలిసింది సున్నా అని ముందే చెప్పేస్తున్నా. బీరు, ఎప్పుడైనా విస్కీ, అంతే. మా ఆఫీసులో పోర్చుగల్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు, పదకొండేళ్లు ఆయన కిందే పనిచేశా. మొన్న రిటైర్ అవుతూ ఒక సీసా నా చేతిలో పెట్టి, మంచి రోజు చూసి తెరువు, తొందరపడకు అన్నారు. లేబుల్ మీద వైట్ పోర్ట్ అనీ, పెద్ద అంకెల్లో 40 అనీ ఉంది.

తొందరపడ్డాను. పోయిన శనివారం ఫ్రెండ్స్ నలుగురం కలిశాం, మా ఆవిడ మిరపకాయ బజ్జీలు వేసింది, ఇంకేం కావాలి, తీద్దాం అని తీసేశా. వైట్ అని రాశారు కదా, లేత పసుపు రంగులో ఏదో వస్తుందనుకున్నా. గ్లాసులో పోస్తే పాలు కలపని టీ డికాక్షన్ రంగు. విస్కీ గ్లాసులే, ఐసు ముక్కలు కూడా వేశా (నవ్వకండి). వాసన చూస్తే ముందు నెయిల్ పాలిష్ లాంటి ఘాటు, వెనకాలే మెంతులు. అవును, మెంతులే, పోపులో కాస్త ఎక్కువ వేగినవి. ఒకడు దగ్గు మందు అన్నాడు, ఇంకొకడు పాత పచ్చడి జాడీ మూత తీసినట్టుందన్నాడు. నోట్లో పోసుకుంటే తియ్యగా మొదలై వెంటనే పుల్లగా లాగేసింది, బజ్జీ కారం మీద గొంతులో మంట. ఎవరూ రెండో గ్లాసు అడగలేదు.

తర్వాత ఊరికే నెట్‌లో ధర చూశా. కడుపులో తిప్పింది. మా ఇంటికి రెండు వారాల సరుకులు వచ్చేస్తాయి ఆ డబ్బుతో.

ఇంకా సగం పైనే మిగిలింది. ఇది పాడైందా? వైట్ అయితే ఈ రంగేంటి? 40 అంటే 40 ఏళ్లేనా, సంవత్సరం ఎక్కడా వేయలేదే? మిగిలింది ఉంచితే ఆగుతుందా లేక ఈ వారమే ఏదో ఒకటి చేసెయ్యాలా? ఆయన ఎలా ఉంది అని మెసేజ్ పెట్టారు, రెండు రోజులైంది, ఏం రాయాలో తెలియక జవాబివ్వలేదు.

హైదరాబాదీ_బ్యాచిలర్:

అన్నా, పోర్ట్ వైన్ అంటే గోవా ట్రిప్‌ల అందరు కొనుక్కొచ్చే ఆ తియ్యటి ఎర్ర సీసానే కదా? దానికి నలభై ఏళ్లేంది, నలభై రోజులు ఆగితే ఎక్కువ. సోడా కలిపి కొట్టెయ్.

గోదారి_గట్టు:

పాడవలేదండీ. ఆ మాట ముందు చెప్పేసి, ఐసు సంగతి తర్వాత తిడతాను. నేను లండన్‌లో ఒక వైన్ షాపులో తొమ్మిదేళ్లు పనిచేశాను, పోర్చుగల్‌లోని పోర్టోకి రెండుసార్లు వెళ్లొచ్చాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక ఉంటే చదవండి.

బ్యాచిలర్ తమ్ముడూ, గోవా సీసాకీ దీనికీ పేరులో చుట్టరికం తప్ప ఇంకేం లేదు. అసలు పోర్ట్ ద్రాక్ష ఉత్తర పోర్చుగల్‌లో డౌరో నది లోయలోనే పండాలి. ఆ లోయకి 1756లోనే హద్దులు గీశారు, పోంబల్ మార్క్విస్ అనే మంత్రి హయాంలో, పొలాల గట్ల మీద రాళ్లు కూడా పాతారు. ద్రాక్ష తొక్కి పులియబెడతారు, రెండు మూడు రోజులకి తీపి సగం సారాగా మారుతుంది, సగం ఇంకా తీపిగానే ఉంటుంది. సరిగ్గా అప్పుడు 77 శాతం ఉండే ద్రాక్ష సారా దాంట్లో గుమ్మరిస్తారు. పులిసే పని అక్కడితో ఆగిపోతుంది, మిగిలిన తీపి తీపిగా ఉండిపోతుంది. పాత లెక్క ఏంటంటే 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారా, మొత్తం 550 లీటర్లు, అంటే ఒక పీపా. ఈ పీపా అన్న మాట మనకి పోర్చుగీసు వాళ్ల నుంచే వచ్చింది, వాళ్లు పిపా అంటారు. అక్కడ గైడు పిపా పిపా అంటుంటే మా నాన్నమ్మ ఇంట్లో నీళ్ల పీపా గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నా.

ఇప్పుడు మీ రంగు సంగతి. వైట్ అంటే తెల్ల ద్రాక్షతో చేసింది అని మాత్రమే. మల్వాజియా ఫీనా, గోవేయు, రబిగాటు, వియోజీను, కోడెగా, ఇలాంటి రకాలు నాలుగైదు కలిపి చేస్తారు. మొదట్లో లేత గడ్డి రంగులోనే ఉంటుంది. పాత చెక్క పీపాలో పెడితే చెక్క సందుల్లోంచి గాలి కొంచెం కొంచెంగా తగులుతుంది, కోసిన యాపిల్ ముక్క రంగు మారినట్టు ఇదీ మారుతుంది, కాకపోతే దశాబ్దాలు పడుతుంది. పదేళ్లకి తేనె, ఇరవైకి ముదురు బంగారం, నలభైకి మీరన్న డికాక్షన్. తమాషా ఏంటంటే ఎర్ర పోర్ట్‌ని పీపాలో పెడితే దాని దారి దీనికి ఎదురుగా ఉంటుంది, ఎరుపు కరిగిపోతూ పోతూ గోధుమ రంగులోకి వస్తుంది, దాన్నే టానీ అంటారు. ఒకటి పైకి ఎక్కుతూ, ఒకటి కిందికి దిగుతూ నలభై యాభై ఏళ్ల దగ్గర రెండూ ఎదురుపడతాయి. కళ్లు మూసి ఇస్తే ఏది తెల్ల ద్రాక్షో ఏది ఎర్రదో చెప్పడానికి నేనే తడబడ్డాను. తెల్లదాంట్లో ఆ నాలుక పట్టేసే వగరు ఉండదు, అదొక్కటే నాకు దొరికిన ఆధారం.

40 అంటే ప్రతి చుక్కకీ నలభై నిండాయని కాదు. కొన్ని ముప్ఫైల్లో ఉంటాయి, కొన్ని అరవై దాటినవి ఉంటాయి, వాటిని కలిపే పని కంపెనీలో ఒకరిద్దరి ముక్కు మీద నడుస్తుంది. అలా కలిపింది పోర్టోలో ఐవీడీపీ అనే సంస్థకి పంపాలి, అక్కడ రుచి చూసే వాళ్లు ఇది నలభై ఏళ్ల తీరులోనే ఉంది అని ఒప్పుకుంటేనే ఆ అంకె వేసుకోనిస్తారు. మీ సీసా మెడ మీద నంబరుతో ఒక కాగితం పట్టీ ఉంటుంది చూడండి, అది వాళ్ల ముద్రే. ఒకే ఏడాది పంటతో చేసి, కనీసం ఏడేళ్లు పీపాలో ఉంచి, ఆ సంవత్సరం వేసి అమ్మేవి వేరు, వాటిని కొలైటా అంటారు. తెల్లవాటిలో అలాంటి పాత కొలైటాలు చాలా తక్కువ. దాల్వా వాళ్ల గోల్డెన్ వైట్ 1952, 1963, 1971 అని ఉన్నాయి. 1963ది నేను ఒకే ఒక్కసారి, రెండు చెంచాలంత రుచి చూశా.

ఎందుకు తక్కువ అంటే, తెల్ల పోర్ట్‌ని ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు. భోజనానికి ముందు చల్లగా తాగే చవక డ్రింకు అనుకునేవాళ్లు, లేదా టానీ రంగు తేలిక చెయ్యడానికి అందులో కలిపేసేవాళ్లు. పీపాలో వదిలేసి నలభై ఏళ్లు కూర్చునే ఓపిక కొన్ని కంపెనీలకే ఉంది. సీసా మీద వయసు అంకె వేసుకోవడానికి తెల్లవాటికి 2006లో గానీ అనుమతి రాలేదు. పైగా ఆవిరి. పీపాలోంచి ఏడాదికి రెండు శాతం పోతుందనుకోండి, నలభై ఏళ్లకి సగం కూడా మిగలదు. నీళ్లూ సారా కొంత కొంత గాల్లోకి పోతాయి, తీపీ పులుపూ పోవు. అందుకే మీకు అంత తీపి, ఆ వెనకే అంత పులుపు. పాకం ముదిరినట్టు అనుకోండి, పొయ్యి లేకుండా.

మెంతుల దగ్గరికి వస్తున్నా, నాకు ఇష్టమైన భాగం ఇదే. మీ ముక్కు చాలా మంచిదండీ. మెంతుల్లో ఆ వాసన ఇచ్చే పదార్థం పేరు సోటోలాన్. పీపాలో ఏళ్ల తరబడి గాలి తగిలిన వైన్‌లో కూడా అదే పుడుతుంది, ఏడాది పెరిగే కొద్దీ అదీ పెరుగుతుంది. అచ్చం అదే, వేరేది కాదు. మెంతులు బాగా తిన్న మర్నాడు చెమట కూడా ఆ వాసన వేస్తుంది చూడండి, బాలింతలున్న ఇంట్లో పెరిగినవాళ్లకి తెలిసే ఉంటుంది, అదీ సోటోలానే. ఇంగ్లిషు వాళ్లు దీన్ని కర్రీ పౌడర్, మేపుల్ సిరప్, వాల్‌నట్ అంటూ ఏవేవో రాస్తారు. మనకి ఒక్క మాట చాలు, మెంతులు. షాపులో పాత పోర్ట్‌లు, షెర్రీలు రుచి చూసేటప్పుడు ఇంగ్లిషు కుర్రాళ్లు మాటలు వెతుక్కుంటుంటే నేను మనసులో మెంతులు, పాత బెల్లం, ఎండు ఖర్జూరం, నారింజ తొక్క, ఇస్త్రీ పెట్టె కింద చెక్క అని రాసుకునేదాన్ని.

నెయిల్ పాలిష్ ఘాటు కూడా వయసుదే. కొంచెం ఉంటే అందం, పోర్టోలో దాన్ని ముద్దుగా వినగ్రీను అంటారు, చిన్న వెనిగర్ అని అర్థం. గ్లాసులో పావుగంట వదిలేస్తే చాలా వరకు ఎగిరిపోతుంది. ఎంతసేపటికీ పోకుండా అదొక్కటే కొడుతుంటే అప్పుడు తేడా అనుకోవాలి. అట్టపెట్టె తడిసిన వాసన, నేలమాళిగ చెమ్మ వాసన వస్తే అది కార్క్ వల్ల వచ్చే చెడు. మీరు ఆ రెండూ చెప్పలేదు.

ఇక తిట్లు. ఐసు వేస్తే తీపి, వాసన రెండూ ముడుచుకుపోతాయి, పులుపూ ఘాటూ మాత్రం మిగులుతాయి. 20 శాతం సారా ఉన్నదాన్ని మిర్చి బజ్జీ మీద పోస్తే మంట కాక ఇంకేం వస్తుంది. ఫ్రిజ్‌లో ఒక గంట పెట్టి బయటికి తీయండి, 12 నుంచి 14 డిగ్రీలుంటే చాలు. చిన్న వైన్ గ్లాసు, అంచు లోపలికి వంగినది. యాభై మిల్లీ, అంతకంటే వద్దు. పోసి పక్కన పెట్టి గిన్నెలు కడుక్కుని రండి. తర్వాత వాసన చూడండి, అప్పుడే తాగొద్దు, ఇంకోసారి చూడండి. చెంచాడంత నోట్లో పెట్టుకుని మింగాక గడియారం చూడండి. మంచి పాత వైట్ పోర్ట్ అయితే రెండు మూడు నిమిషాలకి కూడా నాలుక మీద ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది.

మిగిలింది ఆగుతుంది, టెన్షన్ వద్దు. పై భాగం ప్లాస్టిక్ టోపీ ఉన్న కార్క్ కదా? అదే పెట్టేసి, సీసా నిలబెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. నలభై ఏళ్లు గాలి తిన్నది ఇంకో నెలన్నర తింటే ఏం కాదు. వెనక లేబుల్ మీద సీసాలో నింపిన సంవత్సరం ఉంటుంది, ఒకసారి చూడండి. సీసాలోకి వచ్చాక దీని వయసు ఇక పెరగదు. దాచుకుంటే లాభం లేదు.

విశాఖ_అల:

గోదారి గారూ, మీరు రాసింది చదివి మా ఇంట్లో మెంతుల డబ్బా మూత తీసి వాసన చూసొచ్చా 😄 ఒక చిన్న డౌట్. లిస్బన్ వెళ్లినప్పుడు అందరూ వైట్ పోర్ట్‌లో టానిక్ కలిపి, నిమ్మ ముక్క, పుదీనా వేసి ఇచ్చారు, అది చాలా బాగుంది. అదీ ఇదీ ఒకటేనా?

గోదారి_గట్టు:

అది పిల్లది, ఇది ముత్తవ్వ. మీరు తాగింది రెండు మూడేళ్ల వయసున్న డ్రై రకం, అంటే తీపి తక్కువది, ఎండాకాలం మధ్యాహ్నం దానికి మించింది లేదు. ఇలా తీపి తక్కువగా చేసి భోజనానికి ముందు తాగించాలన్న ఆలోచన టేలర్స్ వాళ్లు 1934లో చిప్ డ్రై అని మొదలుపెట్టారు. తెల్ల పోర్ట్‌లో తీపిని బట్టి మెట్లు ఉన్నాయి, లీటరుకి 40 గ్రాముల లోపు చక్కెర ఉన్న ఎక్స్‌ట్రా డ్రై నుంచి 130 దాటిన లాగ్రిమా దాకా. లాగ్రిమా అంటే కన్నీటి బొట్టు. నలభై ఏళ్లది మాత్రం టానిక్‌లో కలిపితే నాకు నిజంగానే లాగ్రిమా వస్తుంది.

కోటప్పకొండ_ప్రభ:

అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను కొంచెం అడ్డం తిరుగుతా. నాకు 40 కంటే 20 ఏళ్ల వైట్ ఎక్కువ నచ్చుతుంది, ధర కోసం అనడం లేదు. పోయిన ఏడాది గాయాలో ఒకే కంపెనీవి 10, 20, 30, 40 వరసగా నాలుగు గ్లాసులు ముందు పెట్టారు (విలా నోవా ది గాయా, పోర్టోకి నది అవతలి ఒడ్డు, పీపాల గోడౌన్లు చాలా వరకు అక్కడే). పదేళ్లది ఇంకా ద్రాక్షలాగే ఉంది, నారింజ పూలు, తేనె. ఇరవైలో ఎండు ఆప్రికాట్, వేయించిన బాదం, పువ్వు వాసన కొంచెం మిగిలే ఉంది. నలభైకి వచ్చేసరికి పండు అన్నది పూర్తిగా పోయి అంతా బెల్లం, చెక్క, మెంతులు. గొప్పగా ఉంది, కాదనను. కానీ ఒక గ్లాసు అయ్యాక రెండోది తాగాలనిపించలేదు. గొప్పదీ ఇష్టమైనదీ ఒకటే కావాలని ఏముంది. మనోడూ, మీ ఫ్రెండ్స్‌కి నచ్చకపోవడంలో పూర్తిగా ఐసు తప్పే లేదు, ఆ మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

గోదారి_గట్టు:

కాదనను ప్రభ గారూ. షాపులో డబ్బులు నావి అయితే నేనూ ఇరవైదే కొనేదాన్ని. తెల్ల ద్రాక్ష గుణం అనేది ఏదైనా ఉంటే, ఆ పువ్వు, ఆ సన్నటి పులుపు, అది పదిహేను ఇరవై ఐదు మధ్యలోనే కనపడుతుంది. కానీ నలభైది పండు కోసం తాగేది కాదండీ. మామిడికాయ ముక్క తిన్నట్టు ఆవకాయ తినం కదా, మాగాయ అయితే అసలే తినం. పండు పోయాక ఏం మిగిలింది అని చూసుకోవడానికి అది. రెండో గ్లాసు వద్దనిపించడం దాని తప్పు కాదు, దాని కొలతే అంత.

మద్రాసు_మావయ్య:

అమ్మాయ్ చక్కగా రాశావు. అయితే పాత తెల్ల వైన్ అని ఇంత మాట్లాడి మదీరా పేరెత్తకపోవడం అన్యాయం. అది కూడా పోర్చుగల్ వాళ్లదే, ఆఫ్రికా పక్కన సముద్రంలో ఉన్న దీవి. అక్కడా సారా పోసి పులియడం ఆపుతారు. దాంట్లో పేరున్న రకాలు సెర్సియల్, వెర్దేల్యు, బోవాల్, మల్వాజియా, అన్నీ తెల్ల ద్రాక్షలే. మన వైపుకి దీనికి నిజమైన సంబంధం ఉంది. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ఓడలు దారిలో అక్కడ ఆగి పీపాలు ఎక్కించుకుని మద్రాసు, కలకత్తా తెచ్చేవి, ఇక్కడి దొరలకి అదే రోజువారీ వైన్. భూమధ్యరేఖ రెండుసార్లు దాటి ఓడ అడుగున ఉడికి ఉడికి వచ్చిన పీపా, దీవిలోనే ఉన్నదానికంటే రుచిగా ఉందని కనిపెట్టారు. ఇక కావాలనే ఇండియా దాకా తిప్పి వెనక్కి తీసుకుపోయి ఎక్కువ ధరకి అమ్మేవాళ్లు. విన్యు ద రోడా అని దాని పేరు, అంటే చుట్టి వచ్చిన వైన్. ఓడ ఖర్చు భరించలేక తర్వాత దీవిలోనే వేడి చెయ్యడం మొదలెట్టారు. మామూలువి తొట్టెల్లో 45, 50 డిగ్రీల దగ్గర మూడు నెలలు, మంచివి మాత్రం అటక మీద పీపాల్లో ఎండ వేడికి ఏళ్ల తరబడి. ఫ్రాస్కెయిరా అని రాసి ఉంటే ఒకే ఏడాది పంట, కనీసం ఇరవై ఏళ్లు పీపాలో ఉన్నట్టు.

అందులో తెరాంతెజ్ అని ఒక తెల్ల ద్రాక్ష ఉంది, తోటలు దాదాపు పోయాయి, చాలా కొంచెమే మిగిలింది. దాని మీద అక్కడ ఒక సామెత, తెరాంతెజ్ పళ్లు తినకు, ఒకరికి పెట్టకు, దేవుడు వాటిని వైన్ కోసమే చేశాడు అని. మా అబ్బాయి ఒకసారి ఆ దీవి నుంచి చిన్న సీసా తెచ్చాడు. తీపిగా మొదలై చివర చేదులో ముగుస్తుంది, కాకరకాయ పులుసులో బెల్లం వేసినట్టు. ఇంకా నా నాలుక మీదే ఉంది.

హైదరాబాదీ_బ్యాచిలర్:

సరే, నా గోవా జోకు వాపస్. మావయ్యా, గోదారక్కా, సీరియస్‌గ అడుగుతున్న. మా అక్క వచ్చే నెల లండన్ నుంచి వస్తుంది, ఒకటి తెప్పించుకుందామని ఉంది. మా రూంల ఏసీ లేదు, మే నెలల గోడలు కూడా కాల్తయి. ఏది తెమ్మనాలె? ఎన్ని తేవచ్చు?

గోదారి_గట్టు:

మనిషికి రెండు లీటర్ల దాకా డ్యూటీ లేకుండా తేవచ్చు తమ్ముడూ, 75 సెంటీలీటర్ల సీసాలు రెండు పెట్టుకోవచ్చు. చేతి సంచీలో కాదు, చెకిన్ సూట్‌కేసులో, రెండు జీన్సు ప్యాంట్ల మధ్య చుట్టి. నీ రూము సంగతి వింటే మాత్రం మావయ్య గారి మదీరానే తెప్పించుకో. వేడిలోనే పుట్టింది, దాన్ని హైదరాబాద్ మే నెల ఏమీ చెయ్యలేదు, మూత తీశాక కూడా నెలల తరబడి అలాగే ఉంటుంది. పోర్ట్ అయితే ఫ్రిజ్‌లో చోటు చూసుకో. మొదటిసారే నలభై జోలికి పోకు. పదేళ్ల వైట్ ఒకటి, పదేళ్ల మదీరా ఒకటి, రెండూ కలిపినా మనోడి సీసా ధరలో సగం కూడా కావు.

మద్రాసు_మావయ్య:

పడుకోబెట్టకు, నిలబెట్టు. మదీరా సీసా పడుకుంటే కార్క్‌ని తినేస్తుంది.

మాంచెస్టర్_మనోడు:

చదివిన రోజే చెయ్యలేదు, భయం వేసింది. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక చేశా. మా ఆవిడా నేనూ ఇద్దరమే. ముందు వెనక లేబుల్ చూశా, సీసాలో నింపింది 2019 అని ఉంది. మెడ మీద కాగితం పట్టీ నేను శనివారమే చింపేశాను, సగం ముక్క ఇంకా అంటుకుని ఉంది.

గోదారి గారు చెప్పినట్టు ఫ్రిజ్‌లోంచి తీసి, వైన్ గ్లాసులు రెండు పక్కింటి వాళ్లని అడిగి తెచ్చి (మా ఇంట్లో లేవు), కొంచెం కొంచెం పోసి పక్కన పెట్టా. నిజంగానే గిన్నెలు కడిగా. వచ్చి చూస్తే నెయిల్ పాలిష్ దాదాపు పోయింది. మెంతులు ఉన్నాయి కానీ ఈసారి ముందుకొచ్చి మీద పడలేదు, వెనకాల ఉన్నాయి. మా ఆవిడ వాసన చూసి ఏమీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్లి, మా అత్తయ్య ఊరి నుంచి పంపిన పాత బెల్లం అచ్చు తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. అదే. బెల్లం మీద నారింజ తొక్క గిల్లినట్టు. రుచిలో తీపి నిజంగా చాలా ఉంది, కానీ ఎక్కడా జిడ్డుగా ఆగలేదు, పులుపు వచ్చి తుడిచేసింది. గడియారం చూశా, రెండున్నర నిమిషాలకి వేయించిన జీడిపప్పు లాంటిదేదో వచ్చింది, అది నేను ఊహించుకున్నానో నిజమో తెలియదు.

ప్రభ గారూ, మీరన్నది కూడా నిజమే, ఒక్క గ్లాసుతో ఇద్దరికీ చాలు అనిపించింది. పక్కన ఏం తింటే బాగుంటుందో ఎవరైనా చెప్పండి, బజ్జీ కాకుండా.

కోటప్పకొండ_ప్రభ:

ఉప్పు వేయని వేయించిన బాదం. అంతకంటే ఏదైనా పెడితే అది దీన్ని కప్పేస్తుంది, లేదా ఇది దాన్ని.

గోదారి_గట్టు:

ఒక్క మినహాయింపు ఇవ్వండి ప్రభ గారూ, సున్నుండ. మినుములు వేగిన వాసన, నెయ్యి, దీంతో చక్కగా కలుస్తాయి. నేను ఇంట్లో చేసి చూశా. ఆత్రేయపురం బెల్లం పూతరేకులు కూడా పర్లేదు, పొడిగా ఉంటాయి కాబట్టి. కాకినాడ కాజా మాత్రం వద్దు, తినే తీపి వైన్ కంటే ఎక్కువైతే వైన్ పులిసిన నీళ్లలా అయిపోతుంది. షాపులో అందరికీ ఇదొక్కటే చెప్పేదాన్ని, పళ్లెంలో ఉన్నది గ్లాసులో ఉన్నదాని కంటే తక్కువ తియ్యగా ఉండాలి.

విశాఖ_అల:

మీ పెద్దాయనకి జవాబిచ్చారా లేదా? అది చెప్పకుండా సున్నుండల దగ్గరికి వెళ్లిపోయారు అందరూ.

మాంచెస్టర్_మనోడు:

ఇచ్చానండీ. ఐసు వేసిన సంగతి కూడా దాచకుండా రాశా. ఆయన ముందు ఒక నవ్వే బొమ్మ పెట్టారు. తర్వాత, నా కొడుకు కోకాకోలాలో కలిపాడు, నువ్వు నయం అన్నారు. వచ్చే ఆదివారం ఆయన్నే ఇంటికి రమ్మన్నా, మా ఆవిడ మినుములు వేయించే పనిలో ఉంది. ఆయన కోసం ఆ సీసాలో గ్లాసున్నర ఉంచాను, ఇక మూత తీయను.

ఇంకో చిన్న డౌట్ ఉంది. నిన్న రాత్రి గ్లాసు కడగడం మర్చిపోయి అలాగే వదిలేశా. పొద్దున లేచి చూస్తే అడుగున ఎండిపోయింది కానీ వాసన ఇంకా ఉంది, నిన్నటికంటే బాగుంది. ఇది మామూలేనా?

గోదారి_గట్టు:

మామూలే. సాయంత్రం దాకా కడక్కండి, ఇంకోసారి చూడండి.